ఖాళీ తూటా లెక్క

పేల్చిన తూటాలో పోయేదెంత, మిగిలేదెంత? ఇది మా బ్యాంకు వాళ్ళు వేసే ప్రశ్నలా ఉందని పాఠకులు నవ్వుకోవచ్చు. కాని అమెరికావాళ్ళు ఈ లెక్క వేసుకునే నూట యాభై ఏళ్ళుగా ఇంటి బల్ల దగ్గర కూర్చుని తమ తూటాలు తామే నింపుకుంటున్నారు. మన దేశంలో ఇదే లెక్క ఇంకొకరు వేశారు. ఆ సంగతి చివర్లో చెబుతాను.

తూటాలో నాలుగు భాగాలుంటాయి. మొదట సీసపు గుండు, దాని వెనక మందు, ఈ రెంటినీ పట్టి ఉంచే ఇత్తడి గొట్టం. గొట్టం అడుగున చిన్న బిళ్ళ ఒకటి. దీపావళికి పిల్లలు పేల్చే రీలు తుపాకీలో చుక్కమందు ఉంటుంది చూడండి, అలాంటిదే ఇదీ. దెబ్బ తగలగానే నిప్పు పుట్టిస్తుంది. దాన్ని ప్రైమర్ అంటారు. తుపాకీ పేలగానే గుండు వెళ్ళిపోతుంది, మందు కాలిపోతుంది, ప్రైమర్ పని అయిపోతుంది. ఇత్తడి గొట్టం మాత్రం కాస్త ఉబ్బి, మసిబారి మిగులుతుంది. నాలుగింటిలోకీ సాధారణంగా ఖరీదైనది అదే. దాన్ని అవతల పారేయడానికి పొదుపరికి చెయ్యెలా వస్తుంది?

ఇత్తడి రాకముందు కాయితపు పొట్లాలే తూటాలు. కొన నోటితో కొరికి, మందు గొట్టంలో పోసి, గుండు దిగగొట్టేవారు. ఆ పొట్లానికి పూసిన కొవ్వు ఏ జంతువుదన్న అనుమానం 1857లో ఏం చేసిందో మనకు తెలిసిందే. లోహపు గొట్టం వచ్చాక కొరకడం పోయింది, ఖర్చు పెరిగింది.

ఇక్కడ చరిత్ర ఒక తమాషా చేసింది. 1866లో ఇద్దరు సైనికాధికారులు విడివిడిగా రెండు రకాల ప్రైమర్లు కనిపెట్టారు. ఒకరు ఇంగ్లండులో వూల్విచ్ రాయల్ లేబొరేటరీని నడిపిన ఎడ్వర్డ్ బాక్సర్. రెండోవారు అమెరికా అంతర్యుద్ధంలో గురికాండ్ర దళాన్ని నడిపిన హైరమ్ బెర్డాన్. ప్రైమర్ నలిగి నిప్పు పుట్టాలంటే, కమ్మరికి దాగలి ఉన్నట్టు, దెబ్బకు అడ్డుగా ఒక మొన ఉండాలి. బాక్సర్ ఆ మొనను ప్రైమర్‌లోనే పెట్టాడు, నిప్పు పోవడానికి గొట్టం అడుగు నడిమధ్యన ఒకే రంధ్రం వేశాడు. బెర్డాన్ మొనను గొట్టంలోనే తీర్చి, పక్కలకు సన్నని రంధ్రాలు వేశాడు. ఫలితం ఏమిటంటే, బాక్సర్ రకంలో నడిమి రంధ్రంలోంచి ఒక సన్నని కడ్డీ పెట్టి తడితే పాత ప్రైమర్ ఊడిపోతుంది. బెర్డాన్ రకంలో అంత సులువుగా ఊడదు. కాలక్రమాన ఇంగ్లీషువాడి పద్ధతి అమెరికాలో స్థిరపడింది, అమెరికావాడిది ఐరోపాలో స్థిరపడింది. అమెరికాలో తూటా నింపుకోవడం ఇంటింటి పని కావడానికి జనం పొదుపుతోపాటు ఈ నడిమి రంధ్రం కూడా కారణమే. ఇంత పెద్ద అలవాటు అంత చిన్న బెజ్జం మీద నిలబడిందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

1870ల్లో అమెరికా పడమటి మైదానాల్లో అడవిదున్నల వేట వ్యాపారంగా సాగింది. వేటగాళ్ళు రైలు దారికి ఎన్నో రోజుల దూరంలో ఉండేవారు. బండ్లలో సీసం దిమ్మలు, మందు పీపాలు, ప్రైమర్ల డబ్బాలు వేసుకుని వెళ్ళేవారు. పగలంతా కాల్చి, రాత్రి నెగడు దగ్గర సీసం కరిగించి అచ్చుల్లో పోసి, పగటి ఖాళీ గొట్టాలనే మర్నాటికి నింపేవారు. ఆ పొదుపు వల్ల దున్నల మందలు ఎంత వేగంగా అంతరించాయో, వాటినే నమ్ముకుని బతికిన ఆదివాసులు ఏమయ్యారో కూడా ఈ లెక్కలో రాయాలి. పొదుపు ఎప్పుడూ మంచికే అనుకోవడానికి లేదు.

చేతి తుపాకీ సంగతికి వస్తే, వించెస్టర్ కంపెనీ 1873లో తెచ్చిన రైఫిలు తూటానే కొద్ది ఏళ్ళకు కోల్ట్ రివాల్వరుకూ పట్టేలా చేశారు. నడుముకున్న రివాల్వరుకూ భుజాన ఉన్న రైఫిలుకూ ఒకే తూటా అయ్యేసరికి, నింపుకునేవాడికి ఒకే అచ్చు, ఒకే పనిముట్టు చాలాయి. 1884లో కనెటికట్ రాష్ట్రంలోని న్యూ హేవెన్‌లో జాన్ బార్లో అనే ఆయన ఐడియల్ అన్న పేరుతో ఈ పనిముట్ల కంపెనీ పెట్టాడు. ఆయన పనిముట్టు చూడడానికి మన అడకత్తెరలా ఉంటుంది. పాత ప్రైమర్ ఊడగొట్టడం, కొత్తది నొక్కడం, గుండు బిగించడం, అన్నీ ఆ రెండు పిడుల మధ్యనే. కొన్నిటికి గుండు పోసే అచ్చు కూడా చివరనే ఉండేది. జేబులో పట్టే కార్ఖానా అన్నమాట. పనిముట్టుతోపాటు ఏ తూటాకు ఏమి ఎంత వేయాలో చెప్పే పుస్తకం కూడా ఆయన అచ్చువేసేవాడు. ఆ కంపెనీ చేతులు మారి 1925లో లైమన్ వారికి చేరింది.

పుస్తకం ఎందుకు కావలసివచ్చిందో చెప్పాలి. పాత నల్లమందు కాలంలో గొట్టం నిండా మందు పోసినా పెద్దగా ప్రమాదం ఉండేది కాదు, గొట్టం కొలతే దానికి కొలత. 1884లో ఫ్రాన్సులో పాల్ వియెయ్ పొగరాని మందు కనిపెట్టాక ఆ నిశ్చింత పోయింది. కొత్త మందు కొంచెమే చాలు. పాత రివాల్వరు గొట్టాలేమో నల్లమందుకని పెద్దవిగా చేసినవి. అందులో కొత్త మందు అడుగున ఎక్కడో పడి ఉంటుంది. పరధ్యానంగా అదే గొట్టంలో రెండోసారి పోస్తే పైకి ఏమీ తేడా కనపడదు. పేల్చినప్పుడు తుపాకీ చేతిలో ముక్కలవుతుంది. అందుకే ఈ పని నేర్చుకోబోయేవాడికి అక్కడి పెద్దలు మొదట చెప్పేది పనిముట్ల గురించి కాదు. అచ్చయిన పట్టికను దాటి పోవద్దనీ, బల్ల మీద ఒక్క రకం మందు డబ్బాయే ఉంచమనీ, గుండు బిగించే ముందు ప్రతి గొట్టంలోకీ దీపం పట్టి చూడమనీ చెబుతారు. మా క్యాషియర్లు కట్టను రెండుసార్లు లెక్కపెట్టినట్టే.

ఈ హద్దును తెలిసి తెలిసి నెట్టినవాడు ఐడాహో పశువులకాపరి, రచయిత ఎల్మర్ కీత్. 1920ల్లో భారీ మందుతో ప్రయోగాలు చేస్తూ ఒక కోల్ట్ రివాల్వరును పగలగొట్టుకున్నాడు. బుద్ధి తెచ్చుకుని మానేశాడనుకుంటారేమో, సిలిండరు గోడలు మందంగా ఉండే 44 కాలిబర్‌కు మారి మరో పాతికేళ్ళు పట్టువదలకుండా ప్రయోగించాడు, పత్రికల్లో రాశాడు, కంపెనీలను వేధించాడు. చివరికి 1955లో స్మిత్ అండ్ వెస్సన్, రెమింగ్టన్ కలిసి 44 మాగ్నమ్ తెచ్చాయి. ఇంట్లో మొదలైన పని కార్ఖానాకు దారి చూపించిన సందర్భం ఇది.

రెండో ప్రపంచయుద్ధం ఈ అలవాటును పెద్ద వ్యాపారం చేసింది. యుద్ధకాలంలో మామూలు జనానికి గుళ్ళు దొరకలేదు. 1943లో కాలిఫోర్నియాలోని ఓరోవిల్‌లో ఫ్రెడ్ హంటింగ్టన్ తండ్రిగారి లాండ్రీ దుకాణం వెనక గదిలో, వాడి పారేసిన చిన్న 22 కాలిబర్ గొట్టాలనే గుళ్ళకు పై తొడుగుగా మలిచే అచ్చు తయారుచేశాడు. ఆర్‌సిబిఎస్ అనే పేరున్న కంపెనీ అలా పుట్టింది. నాకు బాగా నచ్చిన మనిషి మాత్రం కాన్సస్‌కు చెందిన బ్రూస్ హాడ్జ్‌డన్. గ్యాస్ కంపెనీలో అమ్మకాల ఉద్యోగి. యుద్ధం ముగిశాక సైన్యం మిగులు మందును చవగ్గా వదిలించుకుంటుంటే, తన జీవిత బీమా పాలసీ మీద డబ్బు తీసి టన్నులకొద్దీ కొని, పాత రైలు పెట్టెలో నిలవచేసి, పత్రికలో చిన్న ప్రకటన వేసి అమ్మాడు. పేలుడు మందు తాకట్టుగా పెట్టుకోమని అలాంటివాడు నా బల్ల ముందుకొస్తే నేను అప్పు ఇచ్చేవాణ్ణి కాదు. ఆయన కంపెనీ మాత్రం ఈనాటికీ ఉంది. 1958లో విస్కాన్సిన్‌లో రిచర్డ్ లీ ఒక చిన్న పెట్టెలో పట్టే చవక పనిముట్టు తెచ్చాడు. మేలట్‌తో తట్టి నింపుకోవడమే. దాంతో జీతగాళ్ళు, విద్యార్థులు కూడా ఇందులో దిగారు.

నిజంగా డబ్బు మిగిలిందా? ఒక్కో తూటా మీద మిగిలిందనే చెప్పాలి. అయితే చవకని ఎక్కువ కాలుస్తారు గనక నెలాఖరుకి ఖర్చు అంతే అవుతుందని ఆ అభిమానులే హాస్యమాడుకుంటారు. ప్రభుత్వమూ పెద్దగా అడ్డం రాలేదు. 1968 చట్టం తూటాల అమ్మకాలకు రిజిస్టరు రాయమంది, 1986లో చాలావరకు అదీ ఎత్తివేశారు. కాని వీళ్ళ స్వావలంబనకు ఒక హద్దుంది. గుండు పోసుకోవచ్చు, గొట్టం ఏరుకోవచ్చు, ప్రైమర్ మాత్రం కార్ఖానా నుంచి రావలసిందే. 2020, 2021ల్లో ప్రైమర్లు దొరక్క, మందూ గొట్టాలూ ముందేసుకుని వేలాదిమంది చేతులు ముడుచుకుని కూర్చున్నారు.

ఇక మన దగ్గరి లెక్క. 1878 ఆయుధాల చట్టంతో భారతీయుడికి తుపాకీ లైసెన్సు వస్తువయింది, తెల్లవారికి మినహాయింపు దొరికింది. కర్ణాటకలోని మన పాఠకులకు తెలిసినట్టు కొడవలకు మొదటినుంచీ మినహాయింపు ఉంది. 2019లో దాన్ని 2029 దాకా పొడిగించారు. మిగతా దేశంలో తూటా సర్కారువారి లైసెన్సుతో పుట్టి సర్కారువారి రిజిస్టరులో చావాలి. పుణె దగ్గరి ఖడ్కీ కార్ఖానా 1869 నాటిది. జలియన్‌వాలా బాగ్‌లో 1,650 తూటాలు పేలాయని మనకు అంత కచ్చితంగా తెలియడానికి ఆ లెక్కల అలవాటే కారణం. మనుషుల లెక్క మాత్రం ఇప్పటికీ తేలలేదు.

స్వతంత్రం వచ్చాక 1959 చట్టం కూడా ఆ పట్టు సడలించలేదు. లైసెన్సు లేకుండా తూటా తయారీ నేరం. తూటా భాగాలు, వాటిని తయారుచేసే యంత్రాలు సైతం ఆ నిర్వచనం కిందికే వస్తాయి. మా శాఖలో గార్డు తుపాకీకి ఉన్న కాసిని తూటాలను కూడా లెక్కపెట్టి సంతకం చేస్తూనే నా ఉద్యోగం గడిచింది.

మా కోరాపుట్ 1936 దాకా విశాఖపట్నం జిల్లాలోదే, చింతపల్లి మాకు దూరమేమీ కాదు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీద వరసగా పడి 26 తుపాకులు, 2,500 తూటాలు పట్టుకెళ్ళాడు. ఏమేమి తీసుకున్నదీ ఠాణా పుస్తకంలో రాసి సంతకం కూడా పెట్టాడంటారు. ఆ లెక్కన తుపాకీకి వంద తూటాలు కూడా రావు. అక్టోబరులో అడ్డతీగల, రంపచోడవరం వెళ్ళేసరికి అక్కడ ఆయుధాలు చేతికి దొరకలేదు. మన్యంలో నాటు తుపాకీకి మందు నూరుకోవడం, సీసం కరగబోయడం తెలిసినవాళ్ళున్నారు. పోలీసు తుపాకీ ఖాళీ గొట్టంలో పెట్టడానికి ప్రైమర్ మాత్రం ఏ కొండ మీదా దొరకదు. పోరాటం 1924 మే దాకా నడిచింది. ఆ తరవాత 1930 ఏప్రిల్ 18 రాత్రి సూర్యసేన్ అనుచరులు చిట్టగాంగ్‌లో రెండు ఆయుధాగారాలు పట్టుకున్నారు. రైఫిళ్ళు, లూయీ మెషిన్‌గన్‌లు చేతికి వచ్చాయి. వాటి తూటాలు వేరే చోట ఉంచారు.