కహ్హాల్‌ల నాటి నుండి కంటి యెరుపు వైద్యం

మన ఇండ్లలో పండుగనాడు పెట్టుకొనే సుర్మాకు అరబ్బీలో కుహ్ల్ అని పేరు. ఆ మాటనుండే కహ్హాల్ వచ్చింది. కహ్హాల్ అంటే కంటివైద్యుడు. వెయ్యేండ్ల క్రితమే బాగ్దాదులో ఒంటికంతటికీ వైద్యం చేసే తబీబు వేరు, కండ్లకు మాత్రమే చేసే కహ్హాలు వేరుగా వుండినారంటే ఆ విద్య యెంత పెరిగిందో గ్రహించవచ్చు. అందులో ఒక్క భాగం, అంటే కన్ను యెర్రబడి నొప్పి పెట్టే జబ్బులను గురించి మాత్రమే మేము ఇక్కడ చెప్పదలచినాము. బత్తలపల్లి చుట్టుపక్కల సేద్యం చేసుకొనే కుటుంబాలకు అక్కరకు వచ్చేది అదే.

9వ శతాబ్దంలో హునైన్ ఇబ్న్ ఇస్‌హాఖ్ కంటిని గురించి పది ప్రకరణాల గ్రంథం రాసినాడు. ఈయన క్రైస్తవుడు. ఖలీఫాల కాలపు బాగ్దాదులో గ్రీకు వైద్యగ్రంథాలను అరబ్బీ చేసినవారిలో పెద్దవాడు. విద్య దగ్గర యెవరూ మతం అడగలేదన్నమాట. కంటి పొరలకు ఆనాడు స్థిరపడిన పేర్లు ఉర్దూ చదివిన మన పిల్లలకు ఇట్టే తెలుస్తాయి. కంటి ముందుభాగాన అద్దంలా వుండే పొర ఖర్నియా. ఖర్న్ అంటే కొమ్ము. దాని వెనుక రంగుగా వుండే పొర ఇనబియ్యా. ఇనబ్ అంటే ద్రాక్షపండు. ఇప్పుడు డాక్టర్లు చీటీమీద రాసే కార్నియాకు లాటిన్‌లో కొమ్మనే అర్థం, యువియాకు ద్రాక్ష అనే అర్థం. పేరు భాష మారింది గానీ అర్థం మారలేదు.

తరువాత 11వ శతాబ్దంలో అలీ ఇబ్న్ ఈసా అనే బాగ్దాదు కహ్హాల్ 'తజ్‌కిరతుల్ కహ్హాలీన్' రాసినాడు. అందులో మూడు భాగాలు. మొదటిది కంటి నిర్మాణం, రెండవది పైకి కనబడే జబ్బులు, మూడవది పైకి కనబడనివి. మొత్తం 130 జబ్బులను వివరించినాడంటారు. కండ్లమంటతో పాటు రెప్పవెంట్రుకలు తెల్లబడడాన్ని కూడా ఈయన గుర్తించినాడని పండితులు చెప్తారు. అటువంటి జబ్బుకే 20వ శతాబ్దంలో వోగ్ట్, కొయనాగి, హరాడా అనే ముగ్గురు డాక్టర్ల పేర్లు కలిపి పెట్టినారు.

దీనికీ మన తెలుగుసీమకూ యేమి సంబంధమని అడగవచ్చు. సంబంధముంది. ఈ తజ్‌కిరా మూల అరబ్బీ పాఠం 1964లో అచ్చయింది కైరోలో కాదు, బాగ్దాదులో కాదు, మన హైదరాబాదులో. 1888లో స్థాపించబడిన దాయిరతుల్ మఆరిఫ్ దాన్ని అచ్చు వేసింది. అల్ రాజీ రాసిన మహాగ్రంథం 'కితాబుల్ హావీ'ని కూడా 1955 నుండి ఆ సంస్థే సంపుటాలుగా తెచ్చింది. అందులో రెండవ సంపుటం పూర్తిగా కంటి జబ్బులదే. ఇబ్న్ సీనా మావాడు, రాజీ మావాడు అని సభలలో చెప్పుకొని మురిసిపోతాము. ఆ పుస్తకాలు మన హైదరాబాదులోనే అచ్చయిన సంగతి మాత్రం యెంతమందికి తెలుసు?

సరే, జబ్బుకు వద్దాము. కన్ను యెర్రబడి వాచి నీరు కారడాన్ని అరబ్బులు రమద్ అన్నారు. ఉర్దూలో ఆషోబె చష్మ్, మన వాడుకలో కండ్లకలక. పాత హకీములు అన్ని యెరుపులనూ ఒకే గాటన కట్టలేదు. దుమ్ము, పొగ, యెండ వల్ల వచ్చే తేలికపాటి దానికి తకద్దుర్ అని వేరే పేరు పెట్టి, కారణం తొలగితే అదే తగ్గుతుందన్నారు. గుడ్డు తెల్లసొన, చనుబాలు కంట్లో వేయడం వారి మందులలో వున్నది. చనుబాలు పిండే అలవాటు మన పల్లెల్లో ఇప్పటికీ పోలేదు. ఆనాటికి అంతకన్నా మంచిది లేదు గనుక వారిని తప్పు పట్టలేము. ఈనాడు మాత్రం ఆ పని చేయకూడదు.

ఇప్పటి డాక్టరు యెరుపును యెట్లా వేరు చేస్తాడో ఇంటి పెద్దలు తెలుసుకోవాలి. దురద, పుసి, తెల్లవారేసరికి రెప్పలు అంటుకోవడం, చూపు మాత్రం బాగానే వుండడం – ఇది సామాన్యంగా కలక. 1971లో దేశమంతా పాకినదీ, 2023 వానకాలంలో బళ్ళు ఖాళీ చేయించినదీ ఇటువంటిదే. వైరస్‌తో వచ్చినదైతే చాలావరకు వారం పదిరోజులలో తగ్గుతుంది. తువాలు వేరుగా పెట్టుకోవాలి, చేతులు కడుక్కోవాలి.

కానీ నొప్పి లోపలినుండి వస్తున్నదీ, వెలుతురు చూడలేకున్నారూ, చూపు మసకబారిందీ, యెరుపు నల్లగుడ్డు చుట్టూ వలయంగా వుందీ అంటే అది కలక కాదు. ఇనబియ్యాలో వచ్చిన వాపు కావచ్చు. అప్పుడు కంటిపాప చిన్నదవుతుంది, వెనుకనున్న కటకానికి అతుక్కొని వంకర కూడా పోతుంది. వెలుతురు పడితే పాప ముడుచుకొంటుందని రాజీ ఆనాడే రాసినాడు. ఈనాడు డాక్టరు టార్చి వేసి చూసేదీ ఆ పాపనే. అట్లా కాక పాప పెద్దదై కదలకుండా, తలనొప్పి, వాంతులు, దీపం చుట్టూ రంగుల వలయాలు వుంటే కంటిలో ఒత్తిడి హఠాత్తుగా పెరిగిందని అర్థం. గంటలలో ఆసుపత్రికి చేరాలి.

ఇనబియ్యా వాపు వెనుక క్షయ, కుష్ఠు, సవాయి, వెన్నుపూసల వాతం వంటివి దాగి వుండవచ్చు. ఒక్కొక్కసారి యే కారణమూ దొరకదు. కంటికని పోతే ఛాతీ ఎక్స్‌రే యెందుకు, రక్తపరీక్ష యెందుకు, డబ్బు గుంజేదానికే అని మనవాళ్ళు సణుగుతారు. కారణం ఇదీ. 2000లో బత్తలపల్లిలో ఆర్.డి.టి. ఆసుపత్రి వచ్చినాక క్షయ పరీక్షకు దూరం పోయే అవస్థ మనకు తగ్గింది. వాపుకు చికిత్స రెండు విధాల నడుస్తుంది. పాప అతుక్కోకుండా దాన్ని వెడల్పు చేసే అట్రోపిన్ జాతి చుక్కలు ఒకటి, 1950 ప్రాంతంలో వాడుకలోకి వచ్చిన స్టెరాయిడ్ చుక్కలు రెండవది. అట్రోపిన్ వంటి పదార్థాలే మన దిబ్బలమీది ఉమ్మెత్తలోనూ వున్నాయి. అట్లని ఉమ్మెత్త పసరు పిండితే కన్నే కాదు, ప్రాణమూ ప్రమాదంలో పడుతుంది.

అసలు భయం ఆ స్టెరాయిడ్ చుక్కలతోనే. మాకు తెలిసిన ఒక రైతు, పేరు వద్దు, చెనిక్కాయల కళ్ళంలో పొట్టు కంట్లో పడి కన్ను యెర్రబడితే మందుల అంగట్లో అడిగి చుక్కలు తెచ్చుకొన్నాడు. రెండురోజులు హాయిగా వుండింది. మూడవ వారానికి నల్లగుడ్డుమీద తెల్లమచ్చ లేచింది. పొట్టుతో, ఆకు కొసతో గీసుకొన్న ఖర్నియామీద బూజు జాతి క్రిములు పెరుగుతాయి. స్టెరాయిడ్ నొప్పినీ యెరుపునూ అణచి, క్రిమిని మాత్రం పెంచుతుంది. దక్షిణాదిలో సేద్యగాండ్ల కండ్లు ఇట్లా పోవడం యెంత యెక్కువో మదురై, హైదరాబాదు కంటి ఆసుపత్రుల పరిశోధనల్లో తేలింది. పొట్టు పడిన కంటికి మొదట శుభ్రమైన నీళ్ళు, తరువాత కంటి డాక్టరు. రుద్దకూడదు, కట్టు కట్టకూడదు. పుండును కొంచెం గీకి సూక్ష్మదర్శిని కింద చూస్తేనే బూజా, బాక్టీరియానా తేలుతుంది. బూజైతే నాటమైసిన్ చుక్కలు మొదట గంటకొకమారు, తరువాత తగ్గిస్తూ వారాల తరబడి వేయాలి. ఆ రైతుకు ఇప్పుడు ఆ కంటితో పగలూ రాత్రీ తేడా తెలుస్తుంది, మనిషి ఆనవాలు తెలియదు.

సుర్మా మాటతో మొదలుపెట్టినాము గనుక దాని సంగతీ చెప్పాలి. అసలు సుర్మారాయి అంజనపు రాయి. ఇప్పుడు అంగళ్ళలో దొరికేదానిలో చాలావరకు సీసపు రాయి పొడి. సీసం పసిపిల్లల రక్తంలో చేరితే మెదడుకు చేటు. యెర్రబడిన కంట్లో అసలే పెట్టకూడదు. ఒక సుర్మాదానీ, ఒకే పుల్ల ఇంటిల్లిపాదీ వాడితే ఒకరి కలక అందరికీ వస్తుంది. రెప్పల లోపల గరుకుగా లేచే రోహేను అరబ్బు కహ్హాలులు జరబ్ అన్నారు. అదీ ఇట్లా చేతులు, తువాళ్ళు, ఈగల ద్వారా పాకేదే. మన ప్రభుత్వం దానిమీద 1963లో జాతీయ పథకం మొదలుపెట్టింది. ప్రజారోగ్య సమస్యగా అది భారతదేశంలో తొలగిపోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 అక్టోబరులో ప్రకటించింది.