పొగ మానాక మళ్లీ మొదలైతే: తిరిగి చికిత్స

సిగరెట్టో బీడీయో చుట్టో మానేసిన మనిషి కొన్నాళ్లకు మళ్లీ మొదలుపెట్టి, తిరిగి డాక్టరు దగ్గరికో కౌన్సెలర్ దగ్గరికో వచ్చినప్పుడు అందించే సాయాన్ని పునఃచికిత్స అంటారు. పొగాకు వ్యసనం కూడా బీపీ, షుగర్ లాగే దీర్ఘకాలిక సమస్య. తిరగబెట్టడం దాని స్వభావం. బీపీ మళ్లీ పెరిగిన రోగికి డాక్టరు మందు మార్చి రాస్తారే తప్ప ఇంటికి పొమ్మనరు. పొగ విషయంలోనూ అంతే. మళ్లీ వచ్చినవారు ఓడిపోయి వచ్చినవారు కారు. తమ శరీరం ఎక్కడ లొంగిందో తెలుసుకుని వచ్చినవారు.

జారడం, తిరగబెట్టడం

మానేశాక ఏదో ఒక పూట ఒకటి రెండు దమ్ములు లాగితే అది జారడం. రోజూ తాగే అలవాటు మళ్లీ పాతుకుంటే అది తిరగబెట్టడం. రెండింటికీ మధ్య కొన్ని రోజులో వారాలో వ్యవధి ఉండొచ్చు. సాయం అడగడానికి అదే అన్నిటికంటే అనువైన సమయం. “ఒకటి తాగేశాను, ఇంక అయిపోయింది” అన్న నిరాశే ఒక్క సిగరెట్‌ను పెట్టె దాకా లాక్కెళ్తుందని అమెరికా మనస్తత్వవేత్తలు అలన్ మార్లాట్, జుడిత్ గోర్డన్ 1985 నాటి తమ గ్రంథంలో వివరించారు.

ఏ సాయమూ లేకుండా మానేవారిలో ఎక్కువమంది తొలి ఎనిమిది రోజుల్లోనే మళ్లీ మొదలుపెడతారనీ, ఆరు నెలల నుంచి ఏడాది తర్వాత కూడా నిలబడేది 3 నుంచి 5 శాతమేననీ 2004 నాటి ఒక పరిశోధన సమీక్ష తేల్చింది.

కారణాలు

పీల్చిన పొగలోని నికోటిన్ పది ఇరవై సెకన్లలో మెదడుకు చేరి, హాయినిచ్చే డోపమిన్‌ను విడుదల చేయిస్తుంది. అది అందకపోతే చిరాకు, ఆకలి, నిద్ర పట్టకపోవడం, పని మీద మనసు నిలవకపోవడం మొదలవుతాయి. ఇవి మొదటి వారంలో తీవ్రంగా ఉండి, సాధారణంగా మూడు నాలుగు వారాల్లో నెమ్మదిస్తాయి.

ఒళ్లు కుదుటపడినా సందర్భాలు మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి. ఉదాహరణకు, తెలంగాణలో హకీంపేట దాటి శామీర్‌పేట వైపు వెళ్లే రాజీవ్ రహదారి మీద ఉంది తూంకుంట. ఇలాంటి రోడ్డు పక్క ఊళ్లో చాయ్ గ్లాసు ఒక చేతికి రాగానే రెండో చెయ్యి జేబు తడుముకుంటుంది. పక్కనే పాన్ డబ్బా, ఎదురుగా పొగ వదులుతున్న స్నేహితుడు. రాత్రి డ్యూటీ, మందు పార్టీ, ఇంట్లో గొడవ కూడా ఇలాగే పాత దారి పట్టిస్తాయి.

చికిత్స ఎలా మారుతుంది

మళ్లీ వచ్చినవారిని ముందు అడిగేది పోయినసారి సంగతులే: ఎన్నాళ్లు మానారు, ఏ మందు ఎన్ని రోజులు వాడారు, మొదటి దమ్ము ఎక్కడ, ఎవరితో ఉండగా లాగారు? నిద్ర లేచిన అరగంటలోపే సిగరెట్ కావాలనిపిస్తే వ్యసనం గట్టిగా ఉన్నట్టు లెక్క. అలాంటివారికి నికోటిన్ పట్టీతో పాటు గమ్ కూడా ఇస్తే ఒక్కదానికంటే మెరుగ్గా పనిచేస్తుంది.

చాలామంది విషయంలో మందు విఫలం కాదు, వాడకంలోనే పొరపాటు జరుగుతుంది. నికోటిన్ గమ్‌ను చూయింగ్ గమ్‌లా గబగబా నమిలితే రసం గొంతులోకి దిగి ఎక్కిళ్లు, కడుపులో మంట వస్తాయి. నోట్లో చురుక్కుమనేదాకా మెల్లగా నమిలి, చిగురుకూ బుగ్గకూ మధ్య పెట్టుకోవాలి. చురుకు తగ్గాక మళ్లీ నమలాలి. ఇలా అరగంట సేపు చేయాలి. చాయ్, కాఫీ, కూల్‌డ్రింకు తాగాక కనీసం పావుగంట ఆగాలి. లేకపోతే నికోటిన్ సరిగా ఒంటబట్టదు. చాయ్‌తో పాటే గమ్ నమిలి “ఇది నాకు పనిచేయలేదు” అని వదిలేసినవారికి అదే మందు మరోసారి ఇచ్చి చూడటం సబబే.

ఇంతకుముందు వాడిన మందు మళ్లీ పనిచేస్తుందా అన్న ప్రశ్నకు 2014లో వెలువడిన ఒక అధ్యయనం జవాబిచ్చింది. గతంలో వరెనిక్లిన్ అనే మాత్ర వాడి మళ్లీ పొగ తాగుతున్నవారికి అదే మందు 12 వారాలు ఇచ్చారు. చివరి నాలుగు వారాలూ పూర్తిగా మానినవారు 45 శాతం. మందులేని ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో 11.8 శాతమే. ఏడాది చివరిదాకా నిలబడ్డవారు వరుసగా 20.1, 3.3 శాతం.

2024 జులైలో ప్రపంచ ఆరోగ్య సంస్థ విడుదల చేసిన మార్గదర్శకాలు నికోటిన్ ప్రత్యామ్నాయాలు, వరెనిక్లిన్, బుప్రోపియాన్, సైటిసిన్‌లను సిఫారసు చేశాయి. మూర్ఛ ఉన్నవారికి బుప్రోపియాన్ పనికిరాదు. మూత్రపిండాల జబ్బు ఉంటే వరెనిక్లిన్ మోతాదు తగ్గించాల్సి రావచ్చు. గర్భిణులు డాక్టరు చెప్పనిదే ఏదీ వాడకూడదు. ఇక ఈ-సిగరెట్ల వైపు చూద్దామంటే, వాటి అమ్మకాన్ని మన దేశం 2019లోనే నిషేధించింది.

తెలంగాణలో పరిస్థితి, అందే సాయం

2016-17 జాతీయ సర్వే ప్రకారం తెలంగాణలో పెద్దవాళ్లలో ఏదో ఒక రూపంలో పొగాకు వాడేవారు 17.8 శాతం. పొగ తాగేవారు 8.3 శాతం. దేశం మొత్తం మీద పొగ తాగేవారిలో 38.5 శాతం అంతకుముందు ఏడాదిలో మానడానికి ప్రయత్నించారు. అంటే మానాలన్న కోరికకు కొదవ లేదు. కొరవడేది పక్కన నిలబడే మనిషి.

జాతీయ పొగాకు నియంత్రణ కార్యక్రమం 2007-08లో మొదలైంది. దంత వైద్య కళాశాలల్లోనూ పొగాకు మాన్పించే కేంద్రాలు పెట్టాలని దంత వైద్య మండలి ఆదేశించింది. తూంకుంటవాసులకు దగ్గర్లో జవహర్‌నగర్‌లో ఆర్మీ దంత వైద్య కళాశాల, మేడ్చల్ దగ్గర ఘన్‌పూర్‌లో మెడిసిటీ వైద్య కళాశాల ఉన్నాయి. అంత దూరం వెళ్లలేనివారు జాతీయ క్విట్‌లైన్ 1800-11-2356కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. 2016లో ఢిల్లీలో మొదలైన ఈ సేవ తర్వాత బెంగళూరు నిమ్‌హాన్స్‌కూ విస్తరించడంతో తెలుగులోనూ మాట్లాడే వీలు కలిగింది. మానే తేదీ పెట్టుకున్నాక కౌన్సెలర్లే తిరిగి ఫోన్ చేసి యోగక్షేమాలు కనుక్కుంటారు. జారిపోయామని చెప్పినా వినేవారు అక్కడుంటారు.

ఈ నంబరును 2018 సెప్టెంబర్ 1 నుంచి సిగరెట్ పెట్టెల మీద ముద్రిస్తున్నారు. కానీ మళ్లీ మొదలుపెట్టే మనిషి ఎక్కువగా పాన్ డబ్బాలో ఒక్క లూజు సిగరెట్టే కొంటాడు. పెట్టె అతని చేతికి రాదు, నంబరు కంటపడదు. అందుకే మానిన రోజే దాన్ని ఫోన్‌లో, ఇంట్లోవాళ్ల ఫోన్‌లో కూడా దాచిపెట్టుకోవాలి.