సమకాలికుల సాక్ష్యం: విద్వాంసుల అసూయపై చరిత్ర ఇచ్చిన తీర్పు

కడప జిల్లా వేంపల్లె మెట్టసేద్యపు సీమ. 2006లో కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం, 2008లో వేంపల్లె మండలంలోనే ఇడుపులపాయలో రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక, సాంకేతిక విశ్వవిద్యాలయ ప్రాంగణం ఏర్పడ్డాయి. వాన కోసం మబ్బు వంక చూసే కుటుంబాల పిల్లలకు పెద్ద చదువు ఇంటికి దగ్గరయింది. దానితోపాటు పెద్ద చదువులో ఉన్న పరీక్ష కూడా దగ్గరయింది. ఎం.ఏ., ఎం.ఎస్సీ. దాటి పరిశోధనలో అడుగుపెట్టిన చోట ఎక్కడైనా సీట్లు కొన్నే, ఉపకార వేతనాలు ఇంకా కొన్నే, అధ్యాపక పదవులు మరీ కొన్నే. అందుకే తోటివాని వ్యాసం అచ్చయితే ముఖం చిన్నబోతుంది. గురువుగారి దగ్గర ఒకరి మీద ఒకరు చెప్పే చాడీలు మొదలవుతాయి. ఇది ఈ కాలపు జబ్బేనని చాలామంది తలుస్తారు. ఇస్లామీయ విద్యా చరిత్ర చూస్తే ఇది చాలా పాత జబ్బు. దానికి మన పెద్దలు కనిపెట్టిన మందు కూడా పాతదే.

గజాలీ నిదానం

ఇమామ్ గజాలీ (రహ) క్రీ.శ. 1091లో బగ్దాదులోని నిజామియా విద్యాలయంలో ఆచార్యులయ్యారు. ఆనాటి విద్యాలోకంలో అంతకు మించిన పీఠాలు అరుదు. నాలుగేళ్లకే, 1095లో, దానిని వదిలి వెళ్లారు. తన బోధనలో దైవప్రీతి కంటే పేరు ప్రతిష్ఠల కోరికే ఎక్కువగా ఉందని ఆయన తర్వాత తన ఆత్మకథలో ఒప్పుకొన్నారు. అందుచేత ‘ఇహ్యా ఉలూమిద్దీన్’లో అసూయను గురించి ఆయన రాసినది అనుభవజ్ఞుని మాట. పండితుడు పండితునిపైనే అసూయపడతాడు గాని వర్తకునిపై కాదని, ఒకే గమ్యం కోసం పోటీపడే చోటనే ఈ విషం పుడుతుందని ఆయన వివరించారు. జ్ఞానం పంచినందువల్ల తరిగేది కాదు. తరిగేవి ధనమూ, పదవీ, జనుల మన్ననా మాత్రమే. కనుక ఇద్దరు విద్వాంసులు అసూయతో తలపడితే వారు పోరాడుతున్నది జ్ఞానం కోసం కాదన్నమాట.

అయితే పోటీ అంతా దోషం కాదు. ఎదుటివాని మేలు పోవాలని కోరడం ‘హసద్’. అతని మేలు అతనికి ఉండగానే తనకూ అటువంటిది కావాలని ఆశించడం ‘గిబ్తా’. సంపదను సన్మార్గంలో వెచ్చించేవాడు, వివేకంతో తీర్పు చేస్తూ దానిని ఇతరులకు నేర్పేవాడు, ఈ ఇద్దరి విషయంలోనే ఈర్ష్య తగునని దైవప్రవక్త (స) సెలవిచ్చిన హదీసును ఉలమాలు ఈ రెండో అర్థంలోనే గ్రహించారు.

నైషాపూరులో గురుశిష్యులు

హిజ్రీ మూడో శతాబ్దిలో ఇమామ్ బుఖారీ (రహ) నైషాపూరు వచ్చినప్పుడు అక్కడి పెద్ద హదీసువేత్త ముహమ్మద్ బిన్ యహ్యా జుహ్లీ (రహ) స్వయంగా ఆయనకు స్వాగతం చెప్పించారు. కొద్దికాలానికే జనం బుఖారీ సభకు తరలిపోగా జుహ్లీ సభ పలచబడింది. పిమ్మట ఖుర్ఆన్ పారాయణ సమయంలో మనిషి పలికే ఉచ్చారణకు సంబంధించిన వివాదం తలెత్తింది. బుఖారీ వద్దకు వెళ్లేవారు తన సభకు రావద్దని జుహ్లీ ప్రకటించారు. దీని వెనుక సిద్ధాంతభేదంతోపాటు అసూయ కూడా ఉందని కొందరు చరిత్రకారులు రాశారు. ఇద్దరికీ శిష్యుడైన ఇమామ్ ముస్లిం (రహ) సభలోనుంచి లేచి వెళ్లి, జుహ్లీ వద్ద రాసుకొన్న హదీసులన్నిటినీ కూలివాని వీపున తిప్పి పంపారు. బుఖారీ నైషాపూరు విడిచారు. కాని తన ‘సహీహ్’లో జుహ్లీ ద్వారా విన్న హదీసులను ఆయన తొలగించలేదు, పూర్తి పేరు చెప్పకపోయినా నిలిపే ఉంచారు. మనసు నొచ్చింది నిజమే. ఆ నొప్పికి ప్రామాణిక జ్ఞానాన్ని మాత్రం ఆయన బలిపెట్టలేదు.

కైరోలో గ్రంథచౌర్యపు నింద

ఆరు శతాబ్దాల తర్వాత కైరోలో సఖావీ (1428–1497), సుయూతీ (1445–1505) అనే ఇద్దరు మహా పండితులు ఎదురుపడ్డారు. సుయూతీ ఇతరుల గ్రంథాలను తనవిగా చేసుకొన్నాడని సఖావీ తన జీవితచరిత్రల సంపుటంలో ఆరోపించారు. సుయూతీ దానికి ఘాటైన ఖండన రాశారు. నేటి పరిశోధక విద్యార్థికి ఈ నింద ఎంత పరిచితమో చెప్పనక్కరలేదు.

ఈ తగవులను తీర్చడానికి పండితులు ఒక సూత్రం ఏర్పరిచారు. హాఫిజ్ జహబీ (మరణం 1348) ‘మీజానుల్ ఏతిదాల్’లో దానిని స్పష్టంగా చెప్పారు: సమఉజ్జీలైన సమకాలికులు ఒకరిపై ఒకరు పలికిన నిందలను, ముఖ్యంగా వైరమో అసూయో కనబడుతున్నప్పుడు, లెక్కలోకి తీసుకోరాదు. యమన్ దేశపు షౌకానీ (మరణం 1834) ఈ సూత్రంతోనే సుయూతీపై సఖావీ మోపిన నిందలను తోసిపుచ్చారు. పండితులు దేవదూతలని మన పూర్వులు భ్రమపడలేదు. వారూ మనుషులేనని ఎరిగి, ఆ బలహీనత జ్ఞానానికి చెరుపు చేయకుండా కట్టుదిట్టం చేశారు.

కడప సీమ చెప్పే పాఠం

ఆ కట్టుదిట్టం లేని చోట ఏమవుతుందో చూడటానికి దూరం పోనక్కరలేదు. 1800లో నిజాం ఆంగ్లేయులకు ఇచ్చిన దత్తమండలాలలో కడప సీమ ఒకటి. ఈ ప్రాంతపు గ్రామచరిత్రలను, కైఫీయతులను కర్నల్ కాలిన్ మెకంజీ సేకరింపజేశారు. అన్న కావలి వెంకట బొర్రయ్య 1803లో మరణించాక, మెకంజీ సహాయకులకు కావలి వెంకట లక్ష్మయ్య పెద్ద అయ్యారు. 1821లో మెకంజీ మరణించగా, ఆ పనిని తాను కొనసాగిస్తానని లక్ష్మయ్య కోరారు. ప్రభుత్వం కలకత్తా ఏషియాటిక్ సొసైటీ అభిప్రాయం అడిగింది. ఇంత పెద్ద పనికి లక్ష్మయ్య అర్హతలు చాలవని 1836లో జేమ్స్ ప్రిన్సెప్ కార్యదర్శిగా ఉన్న ఆ సంస్థ తేల్చింది. ఆ రాతప్రతుల పరిశీలన చివరికి విలియం టేలర్ అనే పాదరీ చేతికి పోయింది. దీనిని ఒక వ్యక్తి అసూయ అనడం న్యాయం కాదు. పాలకజాతి అహంకారం ఇందులో పెద్ద భాగం. కాని ఒకే విద్యారంగంలో ఆధిపత్యం గలవారే మరొకరి యోగ్యతకు తీర్పరులైతే, ‘అర్హత’ అనే మాట ఎంత సులువుగా అడ్డుగోడ అవుతుందో ఇందులో కనబడుతుంది. లక్ష్మయ్యకు దక్కవలసిన పని దక్కలేదు. నష్టం ఆయన ఒక్కరిదే కాదు. ఊరూరా తిరిగి ఆ పత్రాలను కూడబెట్టినవారి అనుభవం కూడా అక్కరకు రాకుండా పోయింది.

అయినా ఆ శ్రమ నశించలేదు. కడప జిల్లా కైఫీయతులను కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం సంపుటాలుగా ప్రచురించింది. నేడు ఈ సీమ చరిత్ర రాయబూనే ఏ విద్యార్థి అయినా వాటిని తెరవక తప్పదు.

వేంపల్లె యువకులు నడిచే విద్యామార్గానికి ఈ చరిత్ర మూడు విషయాలు అందిస్తుంది. తోటి పరిశోధకునిపై నింద విన్నప్పుడు, అన్నది ఎవరు, ఆధారమేమిటి అని ముందు అడగాలి. ఒకే పదవికి పోటీలో ఉన్నవానిని తీర్పరిగా కూర్చోబెట్టరాదు. తనకు గిట్టనివాని మాట నిజమైతే దానిని తన రచనలో నిలపాలి. మొదటిది జహబీ సూత్రం, రెండోది లక్ష్మయ్య అనుభవం, మూడోది బుఖారీ ఆచరణ. అసూయ మనసులో పుట్టకుండా ఆపడం అందరికీ సాధ్యం కాకపోవచ్చు. దాని చేతికి కలం ఇవ్వకుండా ఉండటం మాత్రం సాధ్యమే.