గ్రాండ్ టెస్ట్ మార్కులు అసలు పరీక్ష ఫలితాన్ని చెప్పగలవా?

పరీక్షలు దగ్గర పడే రోజుల్లో ఏ జూనియర్ కాలేజీ హాస్టల్‌కు వెళ్లినా నోటీసు బోర్డు మీద ఒక కాగితం కనిపిస్తుంది. మొన్నటి గ్రాండ్ టెస్టులో ఎవరికెన్ని మార్కులు, ఎవరిది ఎన్నో ర్యాంకు అని. ఆ కాగితాన్ని బట్టే సెక్షన్లు మారుతాయి. ఆ కాగితాన్ని బట్టే ఒకరికి మంచి లెక్చరర్ దొరుకుతాడు, ఇంకొకరికి దొరకడు. ‘నీకు ఐఐటీ ఎందుకమ్మా, ఏదో ఒక డిగ్రీలో చేరు’ అనే సలహా కూడా ఆ కాగితం నుంచే పుడుతుంది. అంత నమ్మదగినదేనా అది? విద్యారంగం మీద పరిశోధన చేస్తున్న మమ్మల్ని విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్న ఇది.

క్లుప్తంగా చెప్పాలంటే, ప్రాక్టీసు టెస్టులు గుంపు గురించి చాలావరకు నిజం చెబుతాయి. ఒక్కో విద్యార్థి గురించి మాత్రం అంచనానే చెబుతాయి. ఆ అంచనాను తీర్పుగా మార్చినప్పుడు ఎక్కువగా నష్టపోయేది మన పిల్లలే.

గుంపుకు నిజం, ఒక్కరికి అంచనా

వెయ్యి మంది రాసిన టెస్టులో పై వందలో ఉన్నవాళ్లు అసలు పరీక్షలోనూ ఎక్కువగా పైనే ఉంటారు. రెండింటిలోనూ అడిగేది అవే పాఠాలు కాబట్టి ఇందులో వింత లేదు. కానీ ఆ వంద మందిలో ఫలానా అమ్మాయికి ఎన్ని మార్కులొస్తాయో దీన్నిబట్టి కచ్చితంగా చెప్పలేం.

ఒక ఉదాహరణ వేసుకుందాం. జేఈఈ మెయిన్ మార్కులు 300. ఒక అమ్మాయికి వరసగా ఆరు టెస్టుల్లో 118, 142, 127, 150, 131, 136 వచ్చాయనుకుందాం. సగటు 134. ఇందులో ఏ ఒక్కటీ ఆమె ‘అసలు’ మార్కు కాదు. 118 వచ్చిన రోజు ఆమె మొద్దు కాదు, 150 వచ్చిన రోజు మేధావీ కాదు. సరైన జవాబుకు 4, తప్పుకు మైనస్ 1. అంటే ఒక్క ప్రశ్న అటు నుంచి ఇటు మారితే 5 మార్కుల తేడా. మూడు ప్రశ్నలైతే 15. రాత్రి నిద్ర, వచ్చిన చాప్టర్లు, ఊహించి పెట్టిన ఆప్షన్లు, వీటితోనే అంత తేడా వచ్చేస్తుంది. అందుకే ‘నీకు 134 వస్తుంది’ అనడం తప్పు. ‘ఇలాగే చదివితే 120కీ 150కీ మధ్య ఎక్కడైనా రావచ్చు’ అనడమే నిజాయితీ.

ఇంకొక సంగతి. ఒకే ఒక్క టెస్టులో అనూహ్యంగా ఎక్కువ వచ్చినవాళ్లకు తర్వాతి దానిలో సాధారణంగా కొంత తగ్గుతుంది. అనూహ్యంగా తక్కువ వచ్చినవాళ్లకు కొంత పెరుగుతుంది. గణాంక శాస్త్రంలో దీన్ని సగటు వైపు మళ్లడం అంటారు. తక్కువ వచ్చిందని తిట్టిన లెక్చరర్, తర్వాత మార్కులు పెరిగితే ‘నా తిట్లు పనిచేశాయి’ అనుకుంటాడు. చాలాసార్లు పనిచేసింది తిట్లు కాదు, ఈ లెక్కే.

మార్కు వేరు, స్థానం వేరు

సీటు ఇచ్చేది మార్కు కాదు, ర్యాంకు. ర్యాంకు పేపరు కష్టాన్ని బట్టీ, రాసినవాళ్లను బట్టీ మారుతుంది. నీట్ 2024లో, సవరించిన ఫలితాల తర్వాత కూడా 17 మందికి 720కి 720 వచ్చాయి. 2025లో పేపరు కఠినంగా రావడంతో దేశం మొత్తంలో మొదటి ర్యాంకు వచ్చినవారి మార్కులు 686. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలకు అర్హత మార్కు 2024లో 127, 2025లో 113. కాబట్టి ‘మాక్‌లో 500 వచ్చాయి, సీటు ఖాయం’ అన్నా, ‘రాలేదు, సీటు లేదు’ అన్నా రెండూ తొందరపాటు మాటలే.

జేఈఈ మెయిన్ అనేక షిఫ్టుల్లో జరుగుతుంది. అందుకే షిఫ్టు లోపలి స్థానాన్ని బట్టి పర్సంటైల్ లెక్కిస్తారు. కోచింగ్ సంస్థ ఇచ్చే ‘ఆలిండియా ర్యాంకు’ ఆ సంస్థ టెస్టు రాసినవాళ్లలో ర్యాంకు మాత్రమే. నీట్ రాసేవాళ్లు 20 లక్షల పైన. కొన్ని వేల మందిలో వచ్చిన స్థానాన్ని అంతమందికి అన్వయించలేం.

పరీక్షకో నియమం

ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలు, 160 మార్కులు, నెగెటివ్ మార్కులు లేవు. నాలుగు ఆప్షన్లలో కళ్లు మూసుకుని పెట్టినా సగటున 40 మార్కులు వస్తాయి. జేఈఈ మాక్‌లు రాసి రాసి ‘తెలియకపోతే వదిలెయ్’ అనే అలవాటు పడిన విద్యార్థి ఇక్కడా ఖాళీలు వదిలితే మార్కులు చేజేతులా పోగొట్టుకున్నట్టే. ఆంధ్రప్రదేశ్‌లో ఈఏపీసెట్ ర్యాంకుకు ఇంటర్ మార్కుల్లో 25 శాతం వెయిటేజీ కలుస్తుంది. తెలంగాణలో దాన్ని తీసేశారు. ఒకే మాక్ మార్కు రెండు రాష్ట్రాల్లో ఒకే ర్యాంకు ఎలా చెబుతుంది?

నీట్ పెన్నుతో ఓఎంఆర్ షీటు మీద రాసేది. జేఈఈ మెయిన్, ఈఏపీసెట్ కంప్యూటర్ మీద. కాగితం మీదే మాక్‌లు రాసిన గురుకుల విద్యార్థి పరీక్ష రోజున మౌస్‌తోనూ కుస్తీ పట్టాలి. అప్పుడు తగ్గే మార్కులు ఫిజిక్స్ రానందుకు తగ్గినవి కావు.

తప్పు అంచనా ఎవరి మీద పడుతుంది

అందరికీ అంచనా తప్పవచ్చు. అందరికీ ఒకేవైపు తప్పదు.

కార్లా హాఫ్, ప్రియాంక పాండే ఉత్తరప్రదేశ్ గ్రామాల్లో బడి పిల్లలకు చిక్కుదారి పజిళ్లు ఇచ్చి చూశారు. కులం బయటికి చెప్పనప్పుడు దళిత పిల్లలు పైకులాల పిల్లలతో దాదాపు సమానంగా చేశారు. అందరి ముందూ కులం ప్రకటించాక దళిత పిల్లల ఫలితం సుమారు ఐదో వంతు తగ్గింది. తెలివి అదే, పజిల్ అదే, మారింది గది. పేరు పక్కన కేటగిరీ రాసి ర్యాంకుల జాబితా అంటించే చోట ఆ మార్కు దేన్ని కొలుస్తోందో ఆలోచించాలి.

తమిళనాడులో జస్టిస్ ఎ.కె. రాజన్ కమిటీ 2021లో ఇచ్చిన నివేదిక ఇంకో విషయం చూపింది. ఆ రాష్ట్రంలో మెడికల్ సీట్లు పొందినవారిలో రెండోసారో మూడోసారో ప్రయత్నించినవారు 2016-17లో 12 శాతం చిల్లర. 2020-21కి 71 శాతం దాటారు. అంటే మార్కుతో పాటు ఒక ఏడాది ఆగి, ఫీజు కట్టి మళ్లీ రాయగలిగిన స్తోమత కూడా ఫలితాన్ని నిర్ణయిస్తోంది. అరియలూరు జిల్లా దళిత విద్యార్థిని అనితకు ప్లస్ టూలో 1200కి 1176 మార్కులు వచ్చాయి. 2017 నీట్‌లో 86. ఆ ఏడాది సెప్టెంబర్‌లో ఆమెను కోల్పోయాం. ఒక పరీక్షలో మెరిసిన పిల్ల ఇంకో పరీక్షలో వెనకబడితే ప్రశ్నించాల్సింది పిల్లను కాదు, ఆ రెండింటి మధ్య ఎవరికి ఏం అందలేదన్న విషయాన్ని.

మొదటి తరం విద్యార్థులకు తొలి మాక్‌లలో తక్కువ రావడం సహజం. తెలుగు మీడియంలో చదివినవాళ్లకు ముందు ప్రశ్న భాషే అర్థం కావాలి. ఆ తొలి మార్కులతోనే సెక్షన్లు విడగొట్టి, కింది సెక్షన్‌కు తక్కువ పాఠం చెబితే, చివరికి ‘మేం ముందే చెప్పాం’ అంటారు. అక్కడ అంచనా నిజమవలేదు, నిజం చేశారు.

కటాఫ్ చూడకుండా చెప్పే జోస్యం

జేఈఈ అడ్వాన్స్‌డ్ రాయడానికి 2025లో జనరల్ కటాఫ్ 93.10 పర్సంటైల్. ఎస్సీ కటాఫ్ 61.15. మాక్‌లో 75 పర్సంటైల్ దగ్గర తిరుగుతున్న ఎస్సీ విద్యార్థికి ‘90 లేకపోతే దండగ’ అని చెప్పడం అజ్ఞానం, లేదా అన్యాయం. అర్హత వస్తే సీటు వచ్చినట్టు కాదు, నిజమే. కానీ అర్హత ఉన్న పిల్లను గేటు దగ్గరే ఆపకూడదు. ఐఐటీల్లో ఎస్సీ, ఎస్టీ సీట్లు మిగిలితే ఏడాది ప్రిపరేటరీ కోర్సు ద్వారా చేరే దారి కూడా ఉంది. ఈఏపీసెట్‌లో ఎస్సీ, ఎస్టీలకు కనీస అర్హత మార్కు అనేదే లేదు.

ఎలా వాడుకోవాలి

మాక్‌లు మానేయమని మేము చెప్పడం లేదు. చదివింది మళ్లీ చదవడం కంటే గుర్తుకు తెచ్చుకుని జవాబు రాస్తే ఎక్కువకాలం నిలుస్తుందని రోడిగర్, కార్పికె 2006లోనే చూపించారు. మాక్‌కు ఉన్న అసలు విలువ జోస్యం చెప్పడంలో లేదు, ఈ అభ్యాసంలో ఉంది.

ఒక్క టెస్టు చూడవద్దు. చివరి ఐదారు టెస్టుల సగటు, అందులో అతి తక్కువ, అతి ఎక్కువ రాసుకోండి. పోయిన మార్కులను మూడు కుప్పలుగా విడదీయండి: పాఠం రానివి, వచ్చి పొరపాటు చేసినవి, టైము చాలనివి. మొదటి కుప్పకు చదువు, మిగతా రెండింటికి సాధన కావాలి. అసలు పరీక్ష ఏ పద్ధతిలో, ఏ భాషలో, ఏ పూట రాస్తారో మాక్ కూడా అలాగే రాయండి. ఎన్‌టీఏ వెబ్‌సైట్‌లో మాక్ టెస్టులు, కేంద్ర విద్యాశాఖ సాథీ పోర్టల్‌లో పాఠాలు ఉచితంగానే ఉన్నాయి. గత ఏడాది కటాఫ్‌ను మీ కేటగిరీతో చూసుకోండి.

కార్యకర్తలు హాస్టళ్లకు వెళ్లినప్పుడు భోజనం, బాత్‌రూముల గురించి అడుగుతాం. ఇకపై ఇంకో రెండు ప్రశ్నలు అడుగుదాం. సెక్షన్లు ఏ టెస్టును బట్టి విడగొట్టారు? కింది సెక్షన్ నుంచి పైకి వెళ్లే దారి ఏడాదిలో ఎన్నిసార్లు తెరుస్తారు? ఈ రెండింటికీ జవాబు లేని చోట, నోటీసు బోర్డు మీది కాగితం మన పిల్లల భవిష్యత్తును చెప్పడం లేదు, రాసేస్తోంది.