పెరట్లో టట్టు గుర్రం

“గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు” అని మన పెద్దల సామెత. ఈ మాట మొదట అన్నది ఎవరో గాని, గుర్రాన్ని మేపి విసిగిన ఇంటివాళ్లే అయివుంటారు. ఊరేగింపు చూసి ముచ్చటపడ్డవాళ్ల నోట ఇది రాదు.

పిల్లలున్న ఇంట్లో ఎప్పుడో ఒకప్పుడు ఈ పేచీ వస్తుంది. పెండ్లి బారాత్‌లో గుర్రాన్ని చూసి వచ్చిన పిల్లవాడు “మనమూ ఒకటి తెచ్చుకుందాం నాన్నా” అంటాడు. పెద్ద గుర్రం కాకపోతే పోనీ, పొట్టి టట్టు గుర్రం! “దానికేం ఖర్చు? పెరట్లో గడ్డి ఉంది, వదిలేస్తే అదే మేస్తుంది” అని ఇంటాయన కూడా వత్తాసు పలుకుతారు. జగిత్యాలలోనో, కోరుట్లలోనో, సిరిసిల్లలోనో ఇంటి వెనక నాలుగు చెట్లూ కాస్త పచ్చికా ఉంటే ఈ మాట నిజమేనేమో అనిపిస్తుంది. చరిత్రను అడిగితే మాత్రం అది వేరే లెక్క చెబుతుంది.

ముందు గడ్డి లెక్కే చూద్దాం. రెండు వందల కిలోల టట్టుకు రోజూ సుమారు ఇరవై కిలోల పచ్చిగడ్డి కావాలి. నీళ్లు పది పదిహేను లీటర్లు, ఎండాకాలం ఇంకా ఎక్కువ. ఆవు నాలుకతో గడ్డిని చుట్టి లాగుతుంది. గుర్రానికి ముందుపళ్లు పైనా కిందా ఉంటాయి గనుక నేలకంటా కొరికేస్తుంది. ఇంగ్లండులో గుర్రాలు పెంచేవాళ్లు ఒక్కోదానికి ఎకరం నుంచి ఎకరంన్నర పచ్చిక ఉండాలంటారు. ఎకరమంటే 4,840 గజాలు. మనం కట్టుకునేది రెండు వందల గజాల ఇల్లు! అందులో పెరడెంత, పచ్చికెంత? వారం తిరగకుండా నేల బోడిదైపోతుంది.

ఈ సంగతి మన పూర్వులకు బాగా తెలుసు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో అశ్వాధ్యక్షుడనే ఉద్యోగి ఉన్నాడు. ఏ గుర్రానికి ఎంత ధాన్యం, ఎంత నూనె, ఎంత ఉప్పు అన్నీ అందులో కొలతలే. ఈనిన గుర్రానికి మూడు రోజులు నెయ్యి తాగించాలని కూడా ఉంది. మన ఇళ్లలో బాలింతకు చేసే పథ్యం లాంటిదే చూడండి!

ఈ లెక్క తప్పితే ఏమవుతుందో 13వ శతాబ్దం చివర మన దేశానికి వచ్చిన మార్కోపోలో రాసిపెట్టాడు. రుద్రమదేవి ఏలిన నేలను గురించి చెప్పిన ఆ యాత్రికుడే, తమిళదేశపు రాజులు ఏటా రెండు వేలకు పైగా గుర్రాలను సముద్రం మీద తెప్పించుకునేవారనీ, ఏడాది తిరిగేసరికి వంద కూడా మిగిలేవి కావనీ అన్నాడు. మాంసం కలిపిన అన్నం పెట్టేవారట, సంరక్షణ తెలిసినవారు లేరట. అంత డబ్బు పోసి కొన్నవారికి మేత సంగతే తెలియలేదన్నమాట.

జగిత్యాల కోట చూసినవాళ్లకు దాని నక్షత్రాకారం, కందకం, ఫిరంగులు గుర్తుంటాయి. గుర్రాలు, సైన్యాలు ఉన్న కాలంలో ఏ కోటకైనా రోజూ గడ్డి మోపులు రావాలి కదా! అవి ఎవరు తెచ్చేవారు? 1886లో అచ్చయిన ‘హాబ్సన్ జాబ్సన్’ అనే ఇంగ్లీషు నిఘంటువులో దీనికి జవాబు దొరుకుతుంది. తెల్లదొరల దగ్గర ఒక్కో గుర్రానికి ఒక గుర్రపువాడు, ఒక గడ్డి కోసే మనిషి ఉండేవారు. ఉత్తరాదిన గడ్డి కోసేది మగవాడు. దక్షిణాదిన ఆ పని గుర్రపువాడి భార్యది!

ఎండిన నేల మీద గరికను ఖుర్పీతో వేళ్లతో సహా గీకి, మట్టి దులిపి, మోపు కట్టి, నెత్తిన పెట్టుకుని రావడమంటే మాటలా? గుర్రం మీద కూర్చున్న దొర పేరు శిలాఫలకం మీద ఉంటుంది. మోపు మోసిన ఆమె పేరు ఏ పుస్తకంలోనూ లేదు. ఉలవలకు ఇంగ్లీషులో ‘గుర్రపు గింజలు’ అనే అర్థం వచ్చే పేరుంది. ఆ గుడాలు ఉడికించే పొయ్యి దగ్గర కూర్చున్నది కూడా చాలా ఇళ్లలో ఆడవాళ్లే. గుడాలు పశువులకు, ఆ కట్టు మనకు చారు. ఈ పొదుపూ ఆమెదే లెండి.

తర్వాత కాలం మారింది. పూర్వం మేత కోసం విడిచిన భూములను ‘కంచ’ అనేవారు. 1963లో పోచంపాడు దగ్గర శ్రీరాంసాగర్‌కు శంకుస్థాపన జరిగి, కాకతీయ కాలువ నీళ్లు వచ్చాక కోరుట్ల, జగిత్యాల పక్క వరి పెరిగింది. వరిగడ్డిని ఆవు నెమరువేసి అరిగించుకుంటుంది. నెమరు లేని గుర్రానికి అది అంత సరిపడదు. టాంగాల చోట ఆటోలు వచ్చాయి. సిరిసిల్ల వీధుల్లో గిట్టల చప్పుడు పోయి సాంచాల చప్పుడే మిగిలింది. గడ్డిమోపు దిగిన తలలు బీడీల చాట ముందు వంగాయి.

ఇక మన పెరటి సంగతి. పూజకని ప్రేమగా పెంచుకునే గన్నేరుకు అమరకోశంలో ‘హయమారకం’ అని పేరు, అంటే గుర్రాన్ని చంపేది. పేరుకు తగ్గట్టే గుప్పెడు ఆకులు చాలు. కొమ్మలు కత్తిరించి పడేస్తే, వాడిన ఆకు చేదు తగ్గి మరీ ప్రమాదం. పచ్చగన్నేరు, ఆముదపు గింజలు కూడా అంతే. మిగిలిపోయిన పులిహోర పారేయడమెందుకని గుర్రం ముందు పెట్టారో, అంతే సంగతులు. గుర్రం తిన్నది కక్కుకోలేదు. కడుపుశూలతో నేలకు ఒరిగిపోతుంది. పైగా అది మందలో బతికే ప్రాణి, ఒంటరిగా కట్టేస్తే దిగులుపడుతుంది.

కాబట్టి అమ్మలూ, పిల్లవాడి సరదా కాదనకండి. గుర్రాన్ని దగ్గరగా చూపించండి, వీలైతే ఒకసారి ఎక్కించండి. ఇంటికే తెస్తామని అయ్యగారు పట్టుబడితే మాత్రం ధర అడగకముందే ఒక్క ప్రశ్న వేయండి: “రోజూ ఇరవై కిలోల గడ్డి ఎవరు తెస్తారండీ?” జవాబు కోసం ఆయన మీవైపు చూశారంటే, బేరం అక్కడే ఆపేయడం మంచిది. గుర్రానికీ మంచిది, మీకూ మంచిది.