స్కీలను వంచినవాళ్ళు

సంక్రాంతికో ఉగాదికో మనవాళ్ళం నలుగురం చేరినచోట మంచు మాట వస్తే, ఆ కబుర్లు పారతో మొదలై నడుంనొప్పితో ముగుస్తాయి. వాకిట్లో మంచు ఎత్తిపోయటం, ఐ-70 మీద కారు జారటం – మనకూ మంచుకూ వున్న చుట్టరికం ఇంతే. డెన్వరులో ఇరవై యేళ్ళుగా కాపురం వుంటూ, పడమట రోజూ కనిపించే కొండల్ని గోడమీది కేలండరు బొమ్మలా చూసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. నలభై రెండో యేట మా అమ్మాయి బలవంతం మీద మొదటిసారి స్కీలు కట్టాను. ఆ స్కీల చరిత్ర మీకు చెప్పాలని ఈ వ్యాసం. నేను పుట్టింది ఉప్పాడ దగ్గర సముద్రపు వొడ్డున, చదివింది మెకానికల్ ఇంజనీరింగు. అందుచేత ఇందులో కొంత లెక్క, కొంత ఉప్పుగాలి కలిస్తే మన్నించాలి.

మొదట చేసిన పొరపాటు మనవాళ్ళందరూ చేసేదే. చవగ్గా వస్తున్నాయని ఎవరింటి ముందో అమ్మకానికి పెట్టిన పాత స్కీలు కొన్నాను. 195 సెంటీమీటర్ల పొడవు, ఇనపకమ్మీలాంటి బిగువు. పొద్దున్న యంత్రంతో చదును చేసిన వాలుమీద బుద్ధిగానే నడిచాయి. మధ్యాహ్నానికి అదే వాలు జనం తొక్కి దున్నిన చేనులా అయింది. ఒకచోట గడ్డ, ఒకచోట పొడి, మరోచోట గుట్ట. నా స్కీలకు ఒక్క మంచే తెలుసు. మిగతా వాటి దగ్గర అవి మొండికేశాయి, నా మోకాలు మెలికపడింది. ఆరు వారాలు చేతికర్రతో ఆఫీసుకు వెళ్ళాను. "ఇక చాలు" అంది మా ఆవిడ. నేనూ అదే అనుకున్నాను.

మరుసటేడు అమ్మాయి మళ్ళీ పట్టుబట్టింది. "నాన్నా, సగం తప్పు నీదే, కానీ సగం ఆ స్కీలది" అని, వేరే జత అద్దెకు తీసుకుంది. వాటిని చూసి నవ్వొచ్చింది. ముక్కూ తోకా రెండూ పైకి లేచి, ఎటు ముందో ఎటు వెనకో తెలియకుండా వున్నాయి. వీటిని "ప్లేఫుల్ ఆల్ మౌంటెన్" స్కీలంటారుట. అంటే కొండమీద ఏ మంచులోనైనా ఆడుకోగల రకం. ఆ రోజు పడలేదని చెప్పను గానీ, పడినా నవ్వుకుంటూ లేచాను. ఇంటికొచ్చాక, ఈ వంపులు ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు అన్న ప్రశ్న వదల్లేదు.

స్కీ ఆటకు పుట్టింది కాదు. నార్వే, స్వీడన్ లాంటి ఉత్తర దేశాల్లో వేల యేళ్ళుగా అది చలికాలపు కాలినడక సాధనం. దాన్ని ఆటగా మలిచినవాళ్ళలో ముందు చెప్పుకోవలసిన పేరు నార్వేలో టెలిమార్క్ ప్రాంతపు మోర్గెడాల్‌కు చెందిన సోండ్రే నోర్‌హైమ్. 1825లో పుట్టిన పేదవాడు. మడమ చుట్టూ బిర్చి వేళ్ళు మెలిపెట్టి కట్టుకుని, కాలు జారకుండా స్కీని తిప్పగలిగాడు. నడుము దగ్గర సన్నగా, రెండు కొసల్లో వెడల్పుగా వుండే స్కీకి ఆద్యుడిగా కూడా ఆయన్నే చెబుతారు. 1868లో రాజధాని క్రిస్టియానియాలో, అంటే నేటి ఓస్లోలో, జరిగిన పోటీకి సుమారు 200 కిలోమీటర్లు స్కీలమీదే వెళ్ళి గెలిచాడు. అప్పటికి ఆయన వయసు నలభై రెండు! ఈ అంకె చదివినప్పుడు నాకు కలిగిన ధైర్యం అంతా ఇంతా కాదు.

ఆ తర్వాతి కథ మనందరికీ తెలిసినదే. 1884లో నోర్‌హైమ్ భార్యాబిడ్డలతో అమెరికా వలస వచ్చాడు. మొదట మినెసోటా, తర్వాత నార్త్ డకోటా. అక్కడ మంచుకు కొదవ లేదు గానీ కొండ లేదు. పళ్ళెంలాంటి మైదానం. అయినా ఆయన స్కీలు ఎప్పుడూ గుమ్మం పక్కనే నిలబెట్టి వుండేవని చెబుతారు. 1897లో పోయాడు. డెన్‌బిగ్ అనే వూరి దగ్గర పాతిపెట్టిన చోట చాలాకాలం గుర్తురాయి కూడా లేదు. ఊళ్ళో నేర్చిన విద్యకు పరదేశంలో వాలు దొరకకపోవటం అంటే ఏమిటో, మొదటి వుద్యోగం కోసం తిరిగిన మన తరానికి వేరే చెప్పక్కర్లేదు.

కొండ దొరికిన మరో టెలిమార్క్ కుర్రాడున్నాడు. 1827లో పుట్టి, పదేళ్ళ వయసులో అమెరికా వచ్చిన జాన్ థాంప్సన్. 1856 నుంచి ఇరవై చలికాలాలు, కాలిఫోర్నియాలోని ప్లేసర్‌విల్ నుంచి సియెరా నెవాడా దాటి జెనోవా దాకా, సుమారు 90 మైళ్ళు, భుజాన టపా సంచీతో స్కీలమీద నడిచాడు. పోవటానికి మూడు రోజులు, రావటానికి రెండు. ఆయన మొదటి ఓకు చెక్క స్కీలు పదడుగుల పొడవు, పాతిక పౌన్ల బరువు. ఇంత చేసినా ప్రభుత్వం నుంచి తగిన జీతం ముట్టలేదు, పెట్టిన అర్జీలు ఫలించలేదు. 1876లో పోయాక రాతి ఫలకంమీద మాత్రం జత స్కీలు చెక్కారు.

ఇక మా ఇంజనీర్ల వంతు. హవర్డ్ హెడ్ బాల్టిమోర్‌లోని మార్టిన్ విమానాల కంపెనీలో పనిచేసేవాడు. 1947లో వెర్మాంటులోని స్టోకు వెళ్ళి తెగ పడ్డాడు. తప్పు తనది కాదు, చెక్కదన్నాడు. విమానం రెక్కలకు వాడే పద్ధతిలో రెండు అల్యూమినియం రేకుల మధ్య తేలిక పదార్థం పెట్టి స్కీ చేశాడు. పెట్టుబడి పేకాటలో గెలిచిన 6,000 డాలర్లు! (పిల్లలకు చెప్పకండి.) మొదటి ఆరు జతలూ స్టోలోని శిక్షకుల చేతుల్లో విరిగాయి. మూడేళ్ళు, సుమారు నలభై నమూనాలు. చివరికి లోపల ప్లైవుడ్, అంచుకు ఉక్కు, అడుగున ప్లాస్టిక్ పెట్టాక 1950లో "హెడ్ స్టాండర్డ్" నిలిచింది. సులువుగా తిరుగుతోందని దాన్ని "మోసపు స్కీ" అన్నవాళ్ళున్నారు. సామాన్యుడికి పని సులువైతే పండితులకు కోపం రావటం అన్ని భాషల్లోనూ వున్నదే.

అయినా మరో నలభై యేళ్ళు స్కీ పొడుగ్గా, తిన్నగానే వుండిపోయింది. దాని పక్క అంచును ఒక వృత్తంలో ముక్కగా వూహించుకోండి. పాత స్కీలో ఆ వృత్తానికి వ్యాసార్థం సుమారు 45 మీటర్లు. స్లొవేనియాలోని ఎలాన్ కంపెనీలో యూరి ఫ్రాంకో, పావెల్ ష్కోఫిచ్ అనే ఇద్దరు ఇంజనీర్లు నడుము బాగా సన్నం చేసి దాన్ని 15 మీటర్ల దాకా దించారు. 1993లో ఎస్‌సీఎక్స్ పేరుతో ఆ రకం బజారుకొచ్చింది. ఇకమీద స్కీని బలవంతంగా తిప్పక్కర్లేదు. కాస్త పక్కకు వాలిస్తే తనే తిరుగుతుంది. నా పాత జత ఆ మార్పుకు ముందుదని అప్పుడు అర్థమైంది.

ఈలోగా కుర్రకారు స్నోబోర్డుల వైపు వెళ్ళిపోయింది. తోక పైకి లేచిన ఆ ఒంటి పలకమీద వెనక్కీ ముందుకీ జారవచ్చు. ఆ స్వేచ్ఛ స్కీకెందుకు లేదని, బఫెలోలో చదువుకుంటున్న జేసన్ లెవింథాల్ 1995లో రెండు కొసలూ లేచిన పొట్టి స్కీలు చేశాడు. 1998లో సాలమన్ కంపెనీ "టెన్‌ఎయిటీ"తో ఆ తోక పెద్ద స్కీలకూ వచ్చింది.

చివరి వంపు షేన్ మెకాంకీది. లోతైన పొడిమంచు నేలలాంటిది కాదు, నీళ్ళలాంటిది, మరి దానిమీదికి నేలబండి ఎందుకన్నాడాయన. 2001లో అలాస్కా కొండమీద నీళ్ళ స్కీలు కట్టుకుని దిగి చూపించాడు. ఆ యేడే కొలరాడో కంపెనీ వోలాంట్ ఆయన ఆలోచనతో "స్పాచులా" నమూనా చేసి, 2002లో అమ్మకానికి తెచ్చింది. అప్పటిదాకా స్కీ నేలమీద పెడితే మధ్యలో విల్లులా లేచి వుండేది. ఇది తిరగేసిన విల్లు, వుయ్యాల కుర్చీ కింది బద్దలాగా కొసలు లేచి వుంటాయి. ఆ బొమ్మ చూడగానే నాకు మా వూరి జాలర్ల తెప్ప గుర్తొచ్చింది. అల మీదికి ఎక్కాలంటే ముక్కు లేచి వుండాలని వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. మెకాంకీ 2009లో ఇటలీ కొండల్లో, స్కీలతో శిఖరం మీంచి పారాచూట్ దూకుడులో, ప్రాణం పోగొట్టుకున్నాడు. నేటి ఆల్ మౌంటెన్ స్కీల్లో చాలావాటికి ముక్కు దగ్గర ఆయన వంపు వుంది.

ఇప్పుడు నా జతను చూస్తే ఈ వంశవృక్షం అంతా కనిపిస్తుంది. పొడవు 180 సెంటీమీటర్లు, నడుము 100 మిల్లీమీటర్లు, కాలికింద పాత విల్లు, రెండు కొసల్లో తిరగేసిన విల్లు. పేరు చెప్పను, ప్రకటన అనుకుంటారు. పొద్దున్న గడ్డమంచు మీద ఇవి అంత గొప్పగా లేవు. లేచిన కొసలు నేలకు తగలవు గనక, పట్టు నిచ్చే అంచు తక్కువ. వేగం పెంచితే ముక్కు టపటపా కొట్టుకుంటుంది. ముగ్గుపిండిలాంటి తాజామంచు అడుగులోతు పడిన రోజున మాత్రం వెనక్కి వాలే పని లేకుండా తేలతాయి. జనం దున్నేసిన మంచులో తేలిక ముక్కు అటూ ఇటూ తన్నుకుంటుంది. బరువు సరిగ్గా మధ్యలో వుంచాలి. గుట్టల మధ్యా, చెట్ల మధ్యా తోక పట్టుకోకుండా వదిలేస్తుంది గనక చిటికెలో తిరుగుతాయి. మార్చి మధ్యాహ్నం గోలాబండి ఐసులా తడిసిన మంచులో వెన్నపూసినట్టు పక్కకు జారతాయి. ఒక్క పరీక్షలో నూరు మార్కులు తెచ్చుకునే బాపతు కాదు; ఏ పరీక్షా తప్పని బాపతు. మెలికపడిన మోకాలికి అదే కావాలి.

కొండకు తగ్గట్టు మంచుండాలని పట్టుబట్టిన స్కీ గరాజులో వుంది. మంచుకు తగ్గట్టు వంగినది నా కాలికింద వుంది. వంచినవాళ్ళు చూస్తే ఒక కౌలురైతు లాంటి పేదవాడు, పడటం చేతకాని ఒక ఇంజనీరు, ఒక విద్యార్థి, ఒక కొంటెవాడు.

అమ్మాయి ఈ ఆగస్టులో మినెసోటాలో కాలేజీకి వెళుతోంది. దింపి వచ్చేటప్పుడు, చుట్టుదారైనా, డెన్‌బిగ్ మీదుగా రావాలని మా ఆవిడా నేనూ అనుకున్నాం. ఆ మైదానంలో నోర్‌హైమ్ సమాధి దగ్గర ఒక్క నిమిషం నిలబడాలి. అమ్మాయి స్కీలు మాత్రం మా గుమ్మం పక్కనే వుంచమంది. శలవుల్లో వస్తుందిగా.