ఆమె పోయాకే వేసే లెక్క

1989 మార్చి 3న జంషెడ్‌పూర్‌లో జంషెట్‌జీ టాటా 150వ జయంతి వేడుకలు జరుగుతున్నాయి. వీఐపీల కోసం వేసిన పందిరికి నిప్పంటుకుని చుట్టుపక్కలకి పాకింది. 60 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లూ పిల్లలే. నష్టపరిహారం కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్తే, ఏ కుటుంబానికి ఎంత ఇవ్వాలో తేల్చే పని కోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి వై.వి. చంద్రచూడ్‌కి అప్పగించింది.

ఉద్యోగం చేసే మనిషి పోతే ఈ లెక్కకి ఒక పద్ధతుంది. జీతమెంత, అందులో సొంత ఖర్చుకి పోయేదెంత, ఇంకా ఎన్నేళ్లు సంపాదించి ఉండేవాడు. పోయింది గృహిణి అయితే మొదటి ప్రశ్న దగ్గరే కలం ఆగిపోతుంది. చంద్రచూడ్ ఆమె ఇంటికి చేసే సేవల విలువ అని ఒక అంకె వేశారు: కొందరికి ఏడాదికి 12,000 రూపాయలు, కొందరికి 10,000. అంటే నెలకి వెయ్యి, లేదా అంతకన్నా తక్కువ. 2001 ఆగస్టులో తీర్పు చెబుతూ సుప్రీంకోర్టు ఇది మరీ తక్కువంది. 34 నుంచి 59 ఏళ్ల వాళ్లకి నెలకి 3,000 గానూ, 62 నుంచి 72 ఏళ్ల పెద్దవాళ్లకి ఏడాదికి 20,000 గానూ పెంచింది.

ఈ 3,000 ఎలా వచ్చింది? వంటకి ఇంత, బట్టలు ఉతికినందుకు ఇంత, జ్వరమొచ్చిన పిల్లాడి పక్కన రాత్రంతా కూర్చున్నందుకు ఇంత అనే పట్టిక కోర్టు దగ్గర ఏదీ లేదు. తక్కువలో తక్కువ వేసుకున్నా ఇంతవుతుంది అని ఒక అంచనా, అంతే. లెక్కకి ఆధారాలు లేవని తీర్పులోనే ఉంది. నాకు తీర్పు మీద ఫిర్యాదు లేదు. నా ప్రశ్నల్లా ఆధారాలు ఎందుకు లేవన్నదే. 1919 నుంచి గేదెల్ని, మేకల్ని కూడా లెక్కపెడుతున్న దేశం కదా మనది.

మర్చిపోయారేమో అనుకుంటాం. కానీ కాదు. 1920లోనే ఆర్థర్ పిగూ అనే కేంబ్రిడ్జి ఆర్థికవేత్త ఈ చిక్కుని చూశాడు. ఒకాయన తన ఇంట్లో జీతానికి పనిచేసే ఆవిడని పెళ్లి చేసుకున్నాడనుకోండి. ఆవిడ అదే పని చేస్తుంది, అదే ఇంట్లో చేస్తుంది. జీతం మాత్రం ఆగిపోతుంది కాబట్టి దేశం ఆదాయం తగ్గిపోతుంది! పిగూ ఈ వింతని రాసి ముందుకెళ్లిపోయాడు. 1934లో సైమన్ కుజ్నెట్స్ అమెరికా జాతీయాదాయాన్ని లెక్కగట్టి సెనేట్‌కి ఇచ్చినప్పుడు, తాను వదిలేసిన వాటిలో గృహిణుల సేవలు ఉన్నాయని తనే చెప్పాడు. అదే ఏడాది అదే దేశంలో మార్గరెట్ రీడ్ అనే ఆవిడ ఇంట్లో జరిగే ఉత్పత్తి మీద ఏకంగా పుస్తకమే రాసింది. ఆవిడ పెట్టిన పరీక్ష చాలా సింపుల్: ఈ పనిని మీ బదులు డబ్బిచ్చి ఇంకొకరితో చేయించుకోవచ్చా? చేయించుకోగలిగితే అది ఉత్పత్తే. అన్నం తినడం మన బదులు ఎవరూ చేయలేరు, వండటం చేయగలరు. ఇంత తేలికైన కొలబద్ద చేతికొచ్చినా ఎవరూ వాడలేదు.

1949లో మన జాతీయాదాయ కమిటీ ఏర్పడింది. మహలనోబిస్ అధ్యక్షుడు, గాడ్గిల్, వి.కె.ఆర్.వి. రావు సభ్యులు. సలహాలిచ్చినవాళ్లలో ఆ కుజ్నెట్సే ఉన్నాడు. ఇక్కడా ఇంటిపని బయటే ఉండిపోయింది. ఐక్యరాజ్యసమితి జాతీయ లెక్కల నియమావళి 1993లో కాస్త మెత్తబడి, ఇంటి కోసం నీళ్లు మోసుకురావడాన్ని ఉత్పత్తిగా ఒప్పుకుంది. బిందెతో నీళ్లు తెస్తే ఉత్పత్తి. ఆ నీళ్లు ఎసట్లో పోస్తే మాత్రం కాదు. ఎందుకు కాదో అదే పత్రంలో ఒక కారణం చెప్పారు: ఇంటిపనిని కూడా కలిపితే అందరూ స్వయం ఉపాధిలో ఉన్నట్టే అవుతుందట, నిరుద్యోగం అన్నమాటకే చోటుండదట. పట్టికలు చెడతాయని ఆమెని పక్కన పెట్టారన్నమాట.

పట్టిక ఎంత పని చేయగలదో చూడాలంటే మన జనగణనే చాలు. 1961లో, సీజన్‌లో ఎక్కువ రోజులు రోజుకి గంటకి మించి క్రమంగా పనిచేసినా శ్రామికురాలి కింద రాసుకున్నారు. 1971లో ప్రశ్న మార్చి, నీ ముఖ్యమైన పని ఏమిటి అని అడిగారు. పొద్దున పొలంలో కలుపు తీసి మధ్యాహ్నం గొడ్లని చూసుకునే మనిషి కూడా, ముఖ్యమైన పని అంటే ఇల్లే అంటుంది. లేదా ఆవిడ తరఫున మొగుడంటాడు. దాదాపు 6 కోట్లున్న మహిళా శ్రామికులు 3 కోట్ల చిల్లరకి పడిపోయారు, అదీ జనాభా పావు వంతు పెరిగిన దశాబ్దంలో. ఆ మూడు కోట్లమందీ పని మానలేదు. మారింది ఎన్యూమరేటర్ చేతిలోని కాగితమే.

ఇలా లెక్క బయట ఉండటం వల్ల ఏం పోయింది, గౌరవమేగా అంటారా? దానికి జవాబు నరసాపురంలో ఉంది. పశ్చిమ గోదావరిలో ఈ లేసు అల్లికలు పంతొమ్మిదో శతాబ్దంలో స్కాట్లండ్ మిషనరీల ద్వారా వచ్చాయి. 1970ల చివర్లో జర్మన్ సామాజికశాస్త్రవేత్త మరియా మీస్ ఇక్కడికొచ్చి, చుట్టుపక్కల గ్రామాల్లో లేసు అల్లే ఆడవాళ్లతో మాట్లాడి, 1982లో పుస్తకం ప్రచురించింది. ఆవిడ అంచనాలో అల్లేవాళ్లు లక్షకి పైనే. వంట, ఇల్లు, పిల్లలు అయ్యాక రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు సూది పట్టుకునేవాళ్లు. ఆ లేసు ఐరోపాకి, ఆస్ట్రేలియాకి వెళ్లేది. వాళ్లకొచ్చేది మాత్రం పొలం కూలి కంటే బాగా తక్కువ. ఎందుకంటే వ్యాపారుల దృష్టిలో అది పనే కాదు, ఇంట్లో ఖాళీగా ఉండే ఆడవాళ్ల కాలక్షేపం. బాధేమిటంటే అల్లేవాళ్లూ అదే నమ్మారు. ముఖ్యంగా కాపు స్త్రీలకి, మేం పొలానికెళ్లం, ఇంట్లో కూర్చునేవాళ్లం అనేది పరువు. ఆ పరువుకి వాళ్లు కట్టిన ధర ఆ కూలిలోంచే పోయింది. ఎగుమతి చేసినవాళ్లు, మధ్యలో ఏజెంట్లు దాదాపు అందరూ మగవాళ్లే.

ఈ వరసంతటిలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా అనిపించే సంగతి ఇదే. గృహిణి అనే మాట నిజానికి ఒక కూలి రేటు. ఆమె చేసేదానికి ఇంట్లో ధర సున్నా కాబట్టి, బయటికొచ్చినప్పుడు ఆ సున్నా దగ్గర్నుంచే బేరం మొదలవుతుంది. అంట్లు తోమే ఆవిడకి ఎందుకంత తక్కువిస్తున్నాం? అదే పని మన ఇళ్లలో ఎవరో ఒకరు ఊరికే చేస్తారు కాబట్టి.

ధర సంగతలా ఉంచి గంటలు లెక్కపెడదామన్న ప్రయత్నం మనదేశంలో 1970ల్లో దేవకీ జైన్‌తో గట్టిగా మొదలైంది. రాజస్థాన్, పశ్చిమ బెంగాల్ గ్రామాల్లో ఎవరు ఏ పనికి ఎంతసేపు వెచ్చిస్తున్నారో రాయించారు. ప్రభుత్వం 1998-99లో ఆరు రాష్ట్రాల్లో నమూనా సర్వే చేసింది (ఆ ఆరింట్లో మన ఆంధ్రప్రదేశ్ లేదు). దేశమంతటా చేయడానికి 2019 దాకా పట్టింది. ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకి సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు చేస్తున్నారని తేలింది. ఆ 97 చూసి సంతోషపడేముందు ఒక సంగతి: అసలు ఇంటిపనిలో చెయ్యి పెట్టిన మగవాళ్లు 26 శాతమే. 2024లో మళ్లీ చేశారు. ఆడవాళ్లవి 289కి తగ్గాయి. మగవాళ్లవీ 88కి తగ్గాయి.

నిమిషాలు చేతికొచ్చినా, వాటిని రూపాయల్లోకి మార్చే పని మన దగ్గర మళ్లీ కోర్టుల నెత్తినే పడింది, అదీ రోడ్డు ప్రమాదాల కేసుల్లో. మోటారు వాహనాల చట్టంలో 1994లో చేర్చిన పట్టిక ప్రకారం, సంపాదన లేని భార్య పోతే ఆమె ఆదాయాన్ని భర్త సంపాదనలో మూడో వంతు అనుకోవాల్సి ఉండేది. అంటే ఇంజనీరు భార్య వండిన పప్పుకి ఒక ధర, ఆటో డ్రైవరు భార్య వండిన పప్పుకి ఇంకో ధర. విచిత్రమేమిటంటే, 2010లో సుప్రీంకోర్టు ఒక కుటుంబానికి పరిహారాన్ని రెండున్నర లక్షల నుంచి ఆరు లక్షలకి పెంచింది ఈ సూత్రం పట్టుకునే. ఆ తీర్పులోనే జస్టిస్ ఎ.కె. గంగూలీ ఇంకో విషయం బయటపెట్టారు: జనగణనలో ఇంటిపని చేసే సుమారు 36 కోట్లమంది ఆడవాళ్లని బిచ్చగాళ్లు, వేశ్యలు, ఖైదీలతో కలిపి, ఉత్పత్తి లేనివాళ్ల గుంపులో వేశారని. చట్టం మార్చే ఆలోచన చేయమని పార్లమెంటుకి సూచన కూడా ఉంది.

2021 జనవరిలో ఇంకో ప్రమాదం కేసు వచ్చింది. బెంచ్‌లో మన కృష్ణా జిల్లా నుంచి వెళ్లిన జస్టిస్ ఎన్.వి. రమణ ఉన్నారు. ఆయన విడిగా రాసిన అభిప్రాయంలో 2019 సర్వే నిమిషాలు చోటు చేసుకున్నాయి. ఆమె పనికి విలువ కట్టే దారులు కూడా చెప్పారు. ఇంట్లో ఉండిపోకుండా ఉద్యోగం చేసుంటే ఎంత సంపాదించేదో చూడటం ఒకటి. పెళ్లిని సమాన భాగస్వామ్యం అనుకుని భర్త ఆదాయంలో సగం ఆమెది అనటం ఇంకొకటి. ఆమె బదులు మనుషుల్ని పెట్టుకుంటే ఎంతవుతుందో కూడటం మూడోది. వినడానికి మూడూ సబబుగానే ఉంటాయి. మొదటి దారిలో బడికి పంపని అమ్మాయి నష్టపోతుంది. రెండోదాన్లో పేదవాణ్ణి చేసుకున్నావిడ. ఇక మూడోదాన్లో అంట్లు తోమే ఆవిడ జీతమే కొలబద్ద కాబట్టి నరసాపురం సున్నా మళ్లీ వెనక గుమ్మంలోంచి లోపలికి వస్తుంది. అయినా 3,000 ఎక్కడిదో చెప్పలేని రోజుల నుంచి చూస్తే ఇది చాలా దూరం.

ఇవన్నీ పోయినవాళ్ల లెక్కలు. బతికున్నవాళ్ల సంగతికొస్తే, 2023లో తమిళనాడులో రెండు జరిగాయి. సెప్టెంబరులో అక్కడి ప్రభుత్వం అర్హులైన కుటుంబాల్లో ఇంటి ఇల్లాలికి నెలకి 1,000 రూపాయలివ్వటం మొదలుపెట్టింది. సాయం అనకుండా హక్కు సొమ్ము అని పేరు పెట్టారు, అది నాకు నచ్చింది. కానీ ఏడాదికి 12,000 అంటే, జంషెడ్‌పూర్ కేసులో సుప్రీంకోర్టు మరీ తక్కువన్న అంకే.

రెండోది అంతకు మూడు నెలల ముందు, జూన్‌లో, మద్రాసు హైకోర్టులో. భర్త 1983 నుంచి 1994 దాకా సౌదీలో పనిచేసి డబ్బు పంపాడు, భార్య ఇక్కడ ఇల్లూ పిల్లల్నీ చూసుకుంది. ఆ డబ్బుతో కొన్న ఆస్తులు తనవేనని అతను కేసు వేశాడు. ఆమె ఇక్కడ అన్నీ చూసుకోబట్టే అతను అక్కడ సంపాదించగలిగాడనీ, ఇలాంటి పనిని గుర్తించే చట్టం ఏదీ లేకపోయినా గుర్తించొద్దనే చట్టమూ లేదనీ జడ్జి రాశారు. కొన్ని ఆస్తుల్లో ఆమెకి సమాన వాటా ఇచ్చారు. తీర్పొచ్చేనాటికి చనిపోయింది భర్త. ఆమె కాదు.